ఇంటివాళ్లు పిలవాలి

వసంతకుమారిని చంపింది ఆ సినిమాయే. ఇందులో రత్నరాజుకు రెండో ఆలోచన లేదు. డాక్టర్లు రొమ్ములో గడ్డ అన్నారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి డాక్టర్లు అంటారు.

ఆ సినిమా ఇప్పుడు వంటింటి బల్ల మీద, గుండ్రటి రేకు డబ్బాలో ఉంది. డబ్బా పక్కన కత్తెర. కత్తెర మీద అతని చెయ్యి.

"నాన్నా, ఆ చెయ్యి తియ్యి," అంది దెబోరా.

"నా ఇంట్లో, నా కప్పు కింద, నీ మంచం కింద దాచావు."

"దాచలేదు. వెర్నెల్ ఆంటీ బేస్‌మెంట్‌లో పైపు లీక్ అవుతోంది. తడిస్తే పాడైపోతుందని తెచ్చి పెట్టాను. ఆదివారం స్క్రీనింగ్‌కి తీసుకెళ్లిపోతాను."

"ఆంటీ! మీ అమ్మకు పెట్టె సిద్ధం చేసినదాన్ని ఆంటీ అంటున్నావు."

బల్లకు అవతల కూర్చున్న దైవాశీర్వాదం పాస్టరు గొంతు సవరించుకున్నాడు. దెబోరా ఫోన్ చేస్తే పరుగున వచ్చాడాయన. డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ కలిసినా ఒక వ్యానులో పడతాయి. ఆ వ్యాను తోలేదీ ఆయనే, ప్రసంగం చెప్పేదీ ఆయనే, తగవులు తీర్చేదీ ఆయనే.

"రత్నరాజు గారూ, ముందు ఆ కత్తెర ఇటివ్వండి. మాట్లాడుకుందాం."

"మాట్లాడ్డానికేం లేదయ్యగారూ. మీరు టీ తాగండి."

టీ ఎప్పుడో మీగడ కట్టింది.

"నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. సిస్టర్ గారు నర్సుగా చేసిన ఆసుపత్రిలోనే ఆ వెర్నెల్ క్లర్కు. సెలవు రోజుల్లో సినిమా తీసుకుంటోంది. తోటి ఆడవాళ్లంతా తలా ఒక వేషం వేశారు, సిస్టర్ గారూ ఒకటి వేశారు. అంతేగా?"

"ఏం వేషం?"

పాస్టరు టీ కప్పు చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టాడు.

"చెప్పండయ్యగారూ. ఏం వేషం?"

"చనిపోయిన నర్సు వేషం."

"వేసవిలో చచ్చిన వేషం వేసింది. క్రిస్మస్ చెట్టు ఇంట్లోంచి తియ్యకముందే చచ్చింది. ఇంకా ఏం అర్థం కావాలి?"

"క్రైస్తవులై ఉండి శకునాలు పట్టుకుంటే ఎట్లాగండీ?"

"శకునం కాదు. పద్ధతి." రత్నరాజు కత్తెర వదల్లేదు. "మా పాలెంలో నాటకాలాడేవాళ్లం. చచ్చిన వేషం కట్టినవాడు తెర పడ్డా లేవడు. ఇంటి మనిషి వచ్చి, తలకాడ నిలబడి, పేరుపెట్టి పిలవాలి. అప్పుడు లేవాలి. తనంతట తాను లేచాడా, చావు కూడా వాడితో లేచి ఇంటికొస్తుంది. మా చిన్నాన్న ఒకసారి, పెళ్లాం పుట్టింట్లో ఉందని, ఆమె వచ్చిందాకా చాప మీద అట్టాగే పడున్నాడు. తెల్లారి ఎండెక్కింది. కుక్కలొచ్చి వాసన చూసి పోయినయ్. జనం నవ్వారు. నవ్వనీ. మునిమనవల్ని ఎత్తుకుని మరీ పోయాడు."

"ఇదంతా అన్యుల ఆచారమండీ."

"చచ్చినవాణ్ణి ప్రభువు పేరుపెట్టి పిలిస్తే లేచాడని మొన్నటి ప్రసంగంలో మీరే చెప్పారు. పిలవకుండా లేవలేదుగా?"

పాస్టరు టీ తాగేశాడు, మీగడతో సహా.

"మరి వసంతను ఎవరు పిలిచారు?" రత్నరాజు గొంతు పెరగలేదు. అతని కోపం ఎప్పుడూ కిందికే దిగుతుంది. "ఆ నల్లవాళ్లకు పద్ధతి తెలుసా? పని అయిపోయింది లెమ్మని ఉంటారు, లేచి ఉంటుంది. నాతో ఒక్క మాట చెబితే నేను పోయి పిలిచేవాణ్ణి కాదా?"

"వెళ్లేవాడివా?" అంది దెబోరా.

"వెళ్లేవాణ్ణి."

"అమ్మ ఫ్రెండ్స్‌లో ఒక్కరి పేరు చెప్పు నాన్నా. ఒక్కరి పేరు."

"పేర్లెందుకు నాకు?"

"వాళ్లు నీ ఫేస్ చూసింది కూడా ఒకేసారి. ఫ్యూనరల్ హోమ్ డోర్ దగ్గర."



ఆ రోజు ఆ ఆడవాళ్లు డ్యూటీ బట్టల్లోనే వచ్చారు. ఒకామె చేతిలో దువ్వెన, ఒకామె చేతిలో మడతపెట్టిన తెల్ల దుప్పటి. వసంతకు స్నానం చేయించి జుట్టు దువ్వి పంపుతామన్నారు. అది వాళ్ల మర్యాద. రత్నరాజు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. తనకొచ్చిన ఇంగ్లీషులో, తడబడకుండా అన్నాడు: "మీరు ఒకసారి చేశారుగా. చాలు." తలుపు వేసేశాడు. స్నానం ఆ ఫ్యూనరల్ హోమ్ వాళ్లే చేయించారు. దాన్ని స్నానం అనొచ్చో లేదో అతనికి తెలియదు.

"మామ్మ చనిపోతే శవాన్ని ఊరి వీధిలోంచి పోనివ్వలేదని నువ్వే చెప్పావు," అంది దెబోరా. "వర్షంలో పొలాల గట్ల మీద మోశారని. చెప్తూ ఏడ్చావు. నేను చిన్నదాన్ని, నాకు గుర్తుంది. మళ్లీ నువ్వే వాళ్ల మొహం మీద డోర్ వేశావు."

"అది వేరు."

"ఎట్లా వేరు?"

"ఆ ఊరివాళ్లకు మనమేం చెయ్యలేదు. వీళ్లు నాకు చేశారు."

"అమ్మకి గడ్డ ముందే ఉంది! అమ్మ నర్స్, అమ్మకి తెలుసు. ఆ పార్ట్ తనకి కావాలని అమ్మే అడిగింది."

"తెలిస్తే నాతో చెప్పేది."

"చెప్తే వినేవాడివా?"

పాస్టరు లేచి వాళ్లిద్దరి మధ్యా నిలబడ్డాడు. నిలబడ్డాక ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు.

దెబోరా కళ్లు తుడుచుకుని, బల్ల అంచు పట్టుకుంది. "వెర్నెల్ ఆంటీ ఒక మాట చెప్పమంది. నువ్వు కట్ చెయ్యొద్దు. ఆదివారం వచ్చి, జనం మధ్య కూర్చుని ఒక్కసారి చూడు. చూశాక కూడా అమ్మ సీన్ తియ్యమంటే తీసేస్తానంది. ఎందుకని కూడా అడగదట. ప్రామిస్ చేసింది."

"ఎందుకంత మంచితనం?"

"ఆవిడ ఏది తీసినా ముందు జనానికి చూపిస్తుంది. జనం మొహాలు చూసి అప్పుడు ఏది ఉంచాలో, ఏది తియ్యాలో డిసైడ్ చేస్తుంది. అమ్మ విషయంలో నువ్వు కూడా జనమే అంది." డబ్బా మీద చెయ్యి వేసింది. "నాన్నా, దీనికి ఇంకో కాపీ లేదు. నెగెటివ్ కూడా లేదు. కెమెరాలోంచి వచ్చిందే ఇది. కట్ చేస్తే అంతే. అమ్మ నడిచేది, నవ్వేది, ఇంకెక్కడా లేదు మనకి."

రత్నరాజు డబ్బా వైపు చూశాడు. ఇంట్లో వసంత ఫొటోలున్నాయి. అన్నిట్లోనూ నిటారుగా నిలబడి, ఊపిరి బిగబట్టి ఉంటుంది.

కత్తెర సొరుగులో పడేశాడు.

"చూస్తాను. చూసి తీసెయ్యమంటాను. అప్పుడు మీ నోళ్లు మూతపడతాయి."

ఆదివారం దాకా తండ్రీకూతుళ్లు మాట్లాడుకోలేదు. దెబోరా కాలేజీకి వెళ్లింది, వచ్చింది. అతను కార్ల విడిభాగాల ఫ్యాక్టరీకి వెళ్లాడు, వచ్చాడు. ఆమె వండి మూతపెట్టి పైకి వెళ్లేది. అతను మూత తీయకుండా, పచ్చడి కలుపుకుని తినేవాడు.

శనివారం సాయంత్రం అతను తన తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకోవడం ఆమె మెట్ల మీంచి చూసింది. అది వసంత సమాధి కార్యక్రమానికి వేసుకున్న చొక్కా. దిగి వచ్చి, కాలరు దగ్గర అతను వదిలేసిన మడత సరిచేసి, మళ్లీ పైకి వెళ్లిపోయింది.

ఆదివారం సినిమా వేసేది నల్లవాళ్ల చర్చిలో. మధ్యాహ్నం ఆరాధన అయ్యాక, కింద భోజనాల హాల్లో మడత కుర్చీలు వేశారు. గోడకు తెల్లటి తెర. వేయించిన కోడి వాసన, పంచదార పాకం వాసన ఇంకా హాల్లోనే తిరుగుతున్నాయి. టోపీలు పెట్టుకున్న ముసలమ్మలు ముందు వరుసలు పట్టేశారు. అందరి చేతుల్లోనూ శవపేటికల కంపెనీ పేరు అచ్చేసిన అట్ట విసనకర్రలు.

రత్నరాజు వెనక గోడ పక్కన కూర్చున్నాడు. దెబోరా ప్రొజెక్టర్ దగ్గర నిలబడింది. వాళ్లిద్దరూ తప్ప హాల్లో వేరే రకం మొహం లేదు. ఒకరిద్దరు వెనక్కి తిరిగి అతన్ని చూసి తల ఊపారు. అతను ఊపలేదు.

వెర్నెల్ పొడుగు మనిషి. నెరిసిన జడలు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లద్దాలు, కాళ్లకు ఆసుపత్రి బూట్లు. అతని దగ్గరికి వచ్చింది.

"మిస్టర్ రాజు. వచ్చారు."

"మాటిచ్చారు కదా."

"ఇచ్చాను. సినిమా అయ్యేవరకు లేచి వెళ్లిపోకండి. నేనడిగేది అదొక్కటే."

ఆమె వెళ్లి తెరకు వీపు పెట్టి, జనానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. తన సినిమా తను చూడదన్నమాట. వాళ్ల మొహాలు చూస్తుంది. రత్నరాజుకు అది నచ్చలేదు. పరీక్ష హాల్లో పంతులు గుర్తొచ్చాడు.

దీపాలు ఆర్పారు.

తెర మీద ఆసుపత్రి వరండా. నల్ల ఆడవాళ్లు దుప్పట్లు మారుస్తున్నారు, నేల తుడుస్తున్నారు, ముసలి రోగి నోటికి చెంచా అందిస్తున్నారు. కథేం లేదు. లేదనుకున్నాడు. కాని కెమెరా వాళ్ల చేతుల దగ్గర ఆగి చాలాసేపు చూసింది. మడమలు పగిలిన కాళ్లను బూట్లలోంచి బయటికి తీసి ఒకామె బెంచీ మీద కూర్చుంటే, ఆ కాళ్లనూ చూసింది.

"అవి నా కాళ్లే, తల్లీ," అంది ముందు వరుసలో ఒక ముసలమ్మ, తెరతో.

"చూపించు, చూపించు!" అంది ఇంకొకామె.

రత్నరాజు ఉలిక్కిపడ్డాడు. సినిమాతో మాట్లాడుతున్నారేమిటి? తెర మీది సూపర్‌వైజరు ఒక ఆయాను కసిరితే, హాలంతా వాణ్ణి కసిరింది. ఆయా ఎదురు తిరిగి ఒక్క మాట అంటే చప్పట్లు కొట్టారు. తెర మీది మనిషి వినబడ్డట్టే, అప్పుడే నడుం సర్దుకుని నిటారుగా నిలబడింది.

తర్వాత వసంత వచ్చింది.

తెల్ల యూనిఫాం. నెత్తిన టోపీ. వార్డులో నడిచి వస్తోంది. ఎడమకాలు కొంచెం ఈడ్చే ఆ నడక. రత్నరాజు రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఆమె ఒక రోగి దిండు సర్ది ఏదో అంది, నవ్వింది. పళ్లు కనబడేట్టు నవ్వింది. ఇంట్లో ఆమె నవ్వితే కొంగు అడ్డం పెట్టుకునేది.

"మిస్ వసంత," అన్నారెవరో మెల్లగా. ఆ మాట వరస వెంట పాకింది. "మిస్ వసంతే. దేవుడా, చూడండి ఆవిణ్ణి."

తర్వాత ఆమె మంచం మీద ఉంది. కళ్లు మూసి ఉన్నాయి. కథలో ఆ నర్సు డ్యూటీలోనే పడిపోయి చచ్చిపోయింది. తోటివాళ్లు తలుపు మూసి ఆమెకు స్నానం చేయిస్తున్నారు. ఒకామె చేతులు తుడిచింది. ఒకామె పాదాలు కడిగింది. పెద్ద వయసు ఆవిడ ఒకామె మంచం తలవైపు కూర్చుని, జుట్టు విప్పి, అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని దువ్వడం మొదలెట్టింది. ఆ సీసా రత్నరాజు గుర్తుపట్టాడు. వాళ్లింటి సీసా.

తెర మీద ఎవరూ మాట్లాడలేదు. గొంతులోనే ఏదో కూనిరాగం. హాల్లో ముసలమ్మలు ఆ రాగం అందుకున్నారు. మాటల్లేవు. తేనెపట్టు మీద చెయ్యి పెట్టినట్టు, కుర్చీల్లోంచి, నేలలోంచి వచ్చింది. ఒకామె లేచి నిలబడింది. ఇంకొకామె లేచింది. అప్పుడతను పోల్చుకున్నాడు. ఫ్యూనరల్ హోమ్ గుమ్మంలో నిలబడ్డవాళ్లు. దువ్వెన పట్టుకున్నది ఈ పెద్దావిడే. ఆమెను ఎవరో ఓడెస్సా అని పిలుస్తుంటే అప్పుడే విన్నాడు.

వాళ్లు సినిమా చూడటం లేదు. తను చెయ్యనివ్వని పని చేసుకుంటున్నారు. అక్కడ వసంత మొగుడికి చోటు లేదు. ఉన్నదల్లా వెనక గోడ పక్కన ఒక మడత కుర్చీ.

తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒకామె ఎక్కడినుంచో వచ్చి అతని పక్కన నిలబడి విసరసాగింది. దుఃఖం వచ్చినవాళ్లకు విసరడం ఆమె పని. అతను విసనకర్రను పక్కకు తోశాడు. ఆమె కోప్పడలేదు. మళ్లీ విసిరింది.

తెర మీద దువ్వడం అయిపోయింది. ఇక అయిపోతుందనుకున్నాడు. అవలేదు. కెమెరా ఆపలేదు.

"అయిపోయిందమ్మా, లే," అంది తెర మీద ఓడెస్సా, మామూలు గొంతుతో.

వసంత కదల్లేదు. కళ్లు మూసుకునే, తన గుంటూరు ఇంగ్లీషులో అంది: "మా ఊళ్లో అట్లా లేవకూడదు. ఇంటివాళ్లు పిలవాలి. మా ఆయన వస్తాడు. ఇవాళ పైకి రమ్మని చెప్పాను."

రత్నరాజు వెన్ను కుర్చీకి తగిలింది.

చెప్పింది. ఆ రోజు పొద్దున కారు దిగుతూ, తలుపు పట్టుకుని చెప్పింది. 'ఇవాళ డ్యూటీ అయ్యాక ఒక్కసారి పైకి రండి, పనుంది' అంది. ఏం పనని అతను అడగలేదు.

తెర మీద ఆడవాళ్లు నవ్వుతూ చుట్టూ కూర్చున్నారు. కిటికీ తెరిచి ఉంది. బయట ఎండ. అంతలో కింద నుంచి హారన్ వినబడింది. గొంతు పట్టేసిన దూడ అరిచినట్టు బొంగురుగా.

"వచ్చాడు," అంది వసంత కళ్లు తెరవకుండా.

హాల్లో నవ్వులు.

మళ్లీ హారన్. ఈసారి పొడుగ్గా.

"ఎవడే ఆ తొందరగాడు!" అంది ముందు వరుస ముసలమ్మ.

"పైకి రారాదూ, చవటా!"

"మెట్లెక్కు బాబూ! ఆవిడ నీకోసమే పడుకుంది!"

హాలంతా నవ్వుతోంది. ఏడ్చిన మొహాలతోనే నవ్వుతున్నారు. తెర మీద వసంత కళ్లు తెరిచింది. తల తిప్పి తలుపు వైపు చూసింది. తలుపు మూసే ఉంది. చూస్తూనే ఉంది. నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు.

మూడోసారి హారన్.

"లిఫ్టు పాడైనట్టుంది," అంది వసంత. ఎవరూ అడక్కుండానే చెప్పింది. దుప్పటి తొలగించి, తనంతట తాను లేచి, టోపీ సర్దుకుని వెళ్లిపోయింది. ఖాళీ మంచం కాసేపు కనబడింది. తర్వాత తెర తెల్లబడింది.

లిఫ్టు పాడవలేదు. రత్నరాజు లిఫ్టు దాకా వెళ్లలేదు.

దీపాలు వేశారు. ప్రొజెక్టర్ పక్కన దెబోరా కదలకుండా నిలబడి ఉంది. రీలు ఆమె చేతిలో ఉంది. ఆమె ఈ సినిమా ఎన్నోసార్లు చూసింది, వెర్నెల్ ఇంటి గోడ మీద, చిన్న బొమ్మగా, చిన్న స్పీకరుతో. ఇంత పెద్ద గొంతుతో ఆ హారన్ ఎప్పుడూ వినలేదు. అమ్మ మాటలూ ఆ హారనూ కథలోవే అనుకునేది; అది తమ కారు గొంతని ఇప్పుడే పోల్చుకుంది. ఆమె తండ్రి వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

జనం ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. అది అక్కడి పద్ధతి.

"మేం సినిమాల్లో ట్రే తెచ్చి పెట్టి వెళ్లిపోయేవాళ్లం," అంది ఒకామె. "మా వెనక తలుపు పడ్డాక మేమెక్కడికి వెళ్తామో ఎవరూ చూపించలేదు. ఇవాళ చూశాను. ఇంటికెళ్లి మా ఆయన ఎదుట కూర్చుని నా కాళ్లు చూపిస్తాను."

ఓడెస్సా లేచింది. కర్ర ఆనుకుని వెనక్కి తిరిగి, సూటిగా రత్నరాజును చూస్తూ అంది: "బ్రదర్, మేమావిణ్ణి సాగనంపలేకపోయాం. మీ బాధ మీది, నేను తప్పుపట్టను. ఇవాళ సాగనంపాం. ఆ ముక్క ఉంచండి. మేం పోయిందాకా అయినా ఉంచండి."

"ఆమెన్," అంది హాలు.

వెర్నెల్ కుర్చీలోంచి లేచి అతని దగ్గరికి నడిచి వచ్చింది. అందరూ చూస్తున్నారు.

"మిస్టర్ రాజు, మీ మాట?"

"తీసెయ్యి."

హాల్లో గొణుగుడు మొదలైంది. వెర్నెల్ చెయ్యెత్తింది. గొణుగుడు ఆగింది. ఆమె వంగి, అతనొక్కడికే వినబడేట్టు అడిగింది:

"మొత్తమా? హారన్ నుంచా?"

ఆమెకు తెలుసు. ఆ రోజు ఆమె కెమెరా వెనక ఉంది. కిటికీలోంచి కిందికి చూసే ఉంటుంది. నీలం కారు, అందులో స్టీరింగ్ మీద చెయ్యి పెట్టుకున్న మనిషి.

హారన్ నుంచి అంటే వసంత మిగులుతుంది. నడక, నవ్వు, దువ్విన జుట్టు, అన్నీ మిగులుతాయి. కాని ఆ మాట నోట్లోంచి రావాలి. వస్తే ఆ హారన్ ఎవరిదో చెప్పినట్టే. ఇంతమంది ఎదుట. కూతురి ఎదుట.

రత్నరాజు లేచి చొక్కా సర్దుకున్నాడు.

"మొత్తం," అన్నాడు.

వెర్నెల్ అతని మొహంలోకి చూసింది, జనం మొహాల్లోకి చూసినట్టే. "మాటిచ్చాను," అంది. "రేపు పొద్దున కత్తిరిస్తాను. వెళ్లి రండి."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే అతనికి బాగుండేది.

బయట చినుకులు. తడిసిన మేపుల్ ఆకులు కారు అద్దానికి అతుక్కున్నాయి. దెబోరా వచ్చి పక్క సీట్లో కూర్చుంది. తలుపు వెయ్యలేదు. వాళ్ల కారుకు అడ్డంగా ఎవరిదో వ్యాను ఆగి ఉంది. వ్యాను మనిషి గిన్నెలు ఎక్కించుకుంటూ ఎవరితోనో నవ్వుతున్నాడు.

రత్నరాజు ఇంజను ఆన్ చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"హారన్ కొట్టు," అంది దెబోరా.

అతను కొట్టలేదు.

"కొట్టు నాన్నా. వాళ్లు జరుగుతారు."

"తొందరేం లేదు."

వైపర్లు ఒకసారి వెళ్లి వచ్చాయి.

"నువ్వు కింద ఉన్నావు," అంది దెబోరా. అరవలేదు. అరిచే దశ దాటిపోయింది. "అమ్మ చెప్పలేదన్నావు. చెప్తే వెళ్లి పిలిచేవాణ్ణన్నావు. పాస్టరు అంకుల్ ముందు అన్నావు. అమ్మ చెప్పింది. నువ్వు కిందే ఉన్నావు."

అతను అద్దం మీది ఆకును చూస్తున్నాడు.

"నేను నిన్ను బ్లేమ్ చెయ్యను. నిజంగా. అమ్మ గడ్డ వల్లే చనిపోయింది, నాకు తెలుసు. పిలిచినా పిలవకపోయినా చనిపోయేది. ఒక్కటే అడుగుతున్నా. ఎందుకు పైకి రాలేదు? వాళ్లంటే ఇష్టం లేకా? అలిసిపోయావా? ఏదైనా సరే. నాకొక్కదానికి చెప్పు."

"ఎందుకు?"

"చెప్తే ఇప్పుడే లోపలికెళ్తాను. నువ్వు సిగ్గుపడి అలా అన్నావని ఆంటీకి చెప్తాను. హారన్ ఒక్కటి తీసెయ్యమంటాను, మిగతాది ఉంచమంటాను. ఆంటీ వింటుంది. అమ్మ ఉంటుంది నాన్నా. ఒక్క మాట చెప్పు, అమ్మ ఉంటుంది."

ఆమె ఒక కాలు కారు బయట, తడి నేల మీద పెట్టి కూర్చుంది. లోపల హాల్లో కుర్చీలు మడుస్తున్న చప్పుడు. వ్యాను కదిలి దారి ఇచ్చింది. వ్యాను మనిషి చెయ్యి ఊపాడు.

రత్నరాజు నోరు తెరిచాడు. ఆ రోజు ఎండ గుర్తొచ్చింది. ఆసుపత్రి గాజు తలుపుల్లోంచి నల్లవాళ్లు, తెల్లవాళ్లు, కోట్లు వేసుకున్న డాక్టర్లు వస్తూ పోతూ ఉండటం గుర్తొచ్చింది. అతని ఒంటి మీద ఫ్యాక్టరీ నూనె మరకల చొక్కా. లోపలికి వెళ్తే ఎవరు కావాలని అడుగుతారు. నర్సుగారి మొగుణ్ణని చెప్పాలి.

అతను గేరు వేశాడు.

"తలుపెయ్యి."

"నాన్నా..."

"లోపలికి పోతావో, ఇంటికొస్తావో నీ ఇష్టం. ఈ సంగతి మాత్రం నా దగ్గర మళ్లీ ఎత్తకు. ఇవాళ కాదు, రేపు కాదు. నేను పెట్టెలో పడుకున్న రోజున కూడా నా తలకాడ నిలబడి అడక్కు. నేను చెప్పను."